వేరు పెట్టిన గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. నా నడుము మీద "చి. హంసవేణి ఓణీల వేడుక" అని చెక్కి ఉంటుంది గాని, ఆ హంసవేణి ఎవరో నాకు తెలియదు. ఆ పిల్లని నేను ఒక్కసారి కూడా చూడలేదు. మనుషులకి ఇదొక సరదా. వాళ్ళ పిల్లల పేర్లు మా ఒంటి మీద పొడిపిస్తారు, పిల్లల్ని ఇంట్లో ఉంచుకుంటారు, మమ్మల్ని మాత్రం వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టి పంపించేస్తారు. అందుకే గుంటూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా, మొహం కూడా ఎరగని ఎవరో పిల్ల పేరు మీద మంచినీళ్ళు తాగుతూ కనబడతారు.

పుట్టినప్పుడు నేను రేకుని. ఎక్కడో దూరపు ఊళ్ళో, గాలి ఆడని షెడ్డులో, ఆ రేకుని అప్పడాల్లాగా గుండ్రంగా కత్తిరించారు. ఒక అచ్చులో పెట్టి ఒత్తితే గిన్నెనయ్యాను, ఇంకా లోతు అచ్చులో ఒత్తితే గ్లాసునయ్యాను. పెదాలు కోసుకుపోకుండా అంచు మడిచి, మెరుగు పట్టే చక్రం దగ్గరికి పంపారు. అక్కడ కూర్చున్నతను ముక్కూ నోరూ కలిపి తువ్వాలు చుట్టుకుని, నల్లటి దుమ్ములో రోజంతా దగ్గుతూ మమ్మల్ని అద్దాల్లా చేసేవాడు. నా ఒంట్లో మొట్టమొదట కనబడిన మనిషి మొహం అతనిదే. అతను మాత్రం ఆ మొహం చూసుకోలేదు. నన్ను ఒకసారి తిప్పి చూసి, మెరిసే గుట్టలోకి విసిరేశాడు.

దుకాణంలో మమ్మల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి పెట్టారు. పై గ్లాసు తీస్తేగాని కింద గ్లాసుకి లోకం కనబడదు. అలా ఎన్నాళ్ళున్నానో, ఒకరోజు ఎవరో గంపగుత్తగా కొన్నారు, పేరు పొడిపించారు, అరటిపండుతో రవికె గుడ్డతో కలిపి సంచిలో వేశారు. ఆ సంచి అందుకున్నది మస్తానమ్మ.

మస్తానమ్మది మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉండే రోడ్డు పక్క కాలనీ. రెండు గదులు, వెనకాల రేకుల పంచ. ఆ రోడ్డు మీద టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని లారీ వెళ్ళిందంటే వీధిలో ఉన్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఆమె కొడుకు ఏడుకొండలు ఆ టిక్కీలు మోసే హమాలీ. ఇంట్లో గిన్నెలన్నీ తళతళలాడాలి ఆమెకి. నీళ్ళు ఎత్తి పోసుకోవాలేగాని గ్లాసుకి మూతి తగలకూడదు. తగిలిందా, ఆ గ్లాసు మళ్ళీ తోమాల్సిందే. నన్ను కొత్తగ్లాసని పై అరలో పెట్టింది. ఎవరైనా చుట్టాలొస్తే దింపేది, వాళ్ళు వెళ్ళగానే ఎక్కించేది.

నన్ను శాశ్వతంగా దింపింది కోడలు కోటేశ్వరి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు నన్ను తీసి, కొంగుతో తుడిచి, నా మీది పేరు పైకే చదివింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించారట గాని, తెలుగు అక్షరం కనబడితే చదవకుండా ఉండలేదు ఆ పిల్ల.

"హంసవేణి ఎవరత్తా?"

"నాకేం తెలుసే! మా మేనకోడలి తోడికోడలి కూతురంట. వంకాయ కూర మాత్రం అదరగొట్టారు."

"ఎవరో తెలియకుండానే గ్లాసిచ్చారా?"

"ఊరికే ఇచ్చారా ఏంది, చదివింపులు చదివించలా!"

కోటేశ్వరి కిసుక్కున నవ్వింది. ఆ రోజునుంచి నేను ఆమె గ్లాసుని. అప్పట్లో అది ముచ్చటగా ఉండేది.

కోటేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. జాహ్నవి అని పేరు పెట్టి జానూ అని పిలుచుకున్నారు. పురిటి స్నానాలు అయ్యీ కాకముందే కోటేశ్వరి కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చునేది. బాలింతకి నీరు పట్టింది, పత్యం తప్పి ఉంటుందన్నారు వీధిలో ఆడవాళ్ళు. వెల్లుల్లి కారం ఇంకాస్త పెట్టమన్నారు. కోటేశ్వరి గోడకి వీపు ఆనించి, కూర్చునే పిల్లకి పాలిచ్చి, కూర్చునే కునుకు తీసేది. ఒకరోజు గోడకి ఆనుకున్నా ఊపిరి అందలేదు. ఏడుకొండలు ఆటో తెచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

గుండె కండరం బలహీనపడిందట. కాన్పు తర్వాత కొందరికి అలా అవుతుందట. దానికి తోడు బీపీ. మాత్రలు వాడాలి, మానకూడదు, ఇంకో కాన్పు మాట తలపెట్టకూడదు అని చెప్పి పంపించారు.

అప్పటినుంచి నా బతుకు మారిపోయింది. అంతకుముందు దాహం వేస్తే నన్ను వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు మాత్ర వేళయితే వెతుక్కుంటారు. అది కూడా సగమే నింపుతారు, నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నారని. నాలుక పిడచకట్టుకుపోతున్నా కోటేశ్వరి లెక్కగా గుక్కలు మింగి, నా అడుగున మిగిలిన నీళ్ళ వంక అలా చూస్తూ ఉండేది.

మాత్రల అట్టల మీద అంతా ఇంగ్లీషు. అందుకని ఆమే పేర్లు పెట్టుకుంది. చిన్న తెల్ల మాత్ర పేరు పరుగు మాత్ర. అది వేసుకుంటే పూటంతా మరుగుదొడ్డికి పరిగెత్తడమే. పొయ్యి మీద పాలున్నా, పిల్ల ఏడుస్తున్నా ఆగదు. పసుప్పచ్చటిది బరువు మాత్ర. అది గుండె దడ తగ్గించే మాత్రేగాని, దానితో పాటు కాళ్ళూ చేతులూ ఎవరో ఇసుక పోసి కుట్టినట్టు అయ్యేవి. వేసవిలో కూడా వేళ్ళు చల్లగా నాకు తగిలేవి. గభాలున లేస్తే కళ్ళు చీకట్లు కమ్మేవి. పిల్లని ఎత్తుకుని పడిపోతానేమోనని ఆమెకి ఎప్పుడూ భయమే. ముందు జానూని నేల మీద కూర్చోబెట్టి, తను గోడ పట్టుకుని లేచి, కళ్ళు తేటపడ్డాక వంగి ఎత్తుకునేది. ఈ మందులు పాల్లోకి దిగి పిల్లని ఏం చేస్తాయోనని ఇంకో భయం. నర్సుని అడిగితే ఏం కాదంది. ఏం కాదన్న మాట ఎవరు చెప్పినా కోటేశ్వరి ఇంటికొచ్చేదాకా నమ్ముతుంది, ఇంటికొచ్చాక నమ్మదు.

మూడోది గులాబి మాత్ర, బీపీకి. దాన్ని మింగితే పరుగూ లేదు, బరువూ లేదు.

"ఈ ముగ్గుర్లో ఇదొక్కటే నెమ్మదస్తురాలు," అనేది కోటేశ్వరి, దాన్ని అరచేతిలో పెట్టుకుని.

నేనూ అలాగే అనుకున్నాను.

జానూకి అడుగులు పడ్డాక, ఒంట్లో కాస్త ఓపిక వచ్చిందని కోటేశ్వరి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. కూర్చుని చేసే పనేగదా అనుకుంది. పని కూర్చునేదే, మరుగుదొడ్డే దూరం. పైగా దాని తలుపుకి గడియ లేదు. అందుకని పరుగు మాత్రని సాయంత్రానికి జరిపి, నన్ను సంచిలో వేసుకుని వెళ్ళేది. ఎర్రటి గుట్టల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తుంచుతూ ఉంటే, కళ్ళకి కనబడని ఘాటు నా అంచు మీద కూడా పేరుకునేది. అక్కడ ఆమె పక్కన కూర్చునేది కరీమూన్.

"అక్కా, గొంతులో ఏందో ఈకతో గీరినట్టుంటంది," అంది కోటేశ్వరి ఒకరోజు, దగ్గి దగ్గి.

"మిరపకాయల్లో కూర్చుని గొంతు గీరుతందంటదేందమ్మా ఈ పిల్ల!" అని కరీమూన్ అందరికీ వినబడేలా అంది. "ఇక్కడికి దేవుడొచ్చినా ముందు దగ్గి, ఆ తర్వాతే వరమియ్యాలి."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళందరూ దగ్గారు. అంతమంది దగ్గులో కోటేశ్వరి దగ్గు వేరని ఎవరికి తెలుస్తుంది? మిరప ఊళ్ళో దగ్గు ఎవరికైనా ఉంటుంది. చెమట పట్టిందని డాక్టరుకి ఎవరు చెప్పుకుంటారు?

వానలు పడ్డాయి. తొడిమల పని ఆగిపోయింది. కోటేశ్వరి ఇంట్లోనే ఉంటోంది, దగ్గు మాత్రం ఆగలేదు. కఫం లేదు, జ్వరం లేదు. ఉత్త పొడి దగ్గు. నడుము వాల్చిందంటే మొదలు. ఊపిరి తిరగనివ్వకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గేది. నన్ను అందుకుని ఒక్క గుక్క తడుపుకునేది. మళ్ళీ మొదలు.

"మిరపకాయలు అయిపోయినయ్యి, నీ దగ్గు అయిపోలేదేందే?" అంది మస్తానమ్మ.

మామూలుగా అడిగినట్టే అడిగింది. కాని ఆ పూట అన్నం సరిగా తినలేదు ఆమె. మస్తానమ్మ మొగుడు క్షయ వచ్చి దగ్గి దగ్గి పోయాడు. ఆయన తాగిన గ్లాసులోనే తాగుతూ, ఆయన మంచం మీదే ఆడుకున్న కూతురు, ఏడుకొండలుకి చెల్లెలు, ఆ తర్వాత అదే దగ్గుతో పోయింది. గ్లాసు వేరు పెట్టి ఉంటే పిల్ల దక్కేదని మస్తానమ్మ నమ్మకం. ఆ జబ్బు గాల్లో వస్తుందిగాని గ్లాసులో రాదని చెప్పేవాళ్ళు ఆమెకి అప్పుడు లేరు, తర్వాతా లేరు. అందుకని ఇన్నేళ్ళుగా ఆమె కనబడిన గ్లాసునల్లా తోముతూనే ఉంది.

ఏడుకొండలు పెళ్ళాన్ని దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చిన్న డబ్బా ఇచ్చి కఫం పట్టుకురమ్మన్నారు. పొడి దగ్గుకి కఫం ఎక్కడినుంచి వస్తుంది? కోటేశ్వరి ఎంత ప్రయత్నించినా కాస్త ఉమ్మే పడింది. పరీక్ష చేసి ఏమీ లేదన్నారు.

"ఉమ్ముకి పరీక్ష చేసి జబ్బు లేదంటే నేను నమ్మాలా?" అంది మస్తానమ్మ. "మీ నాన్నకీ ముందు ఏం లేదనే చెప్పారురా."

మర్నాడు గిన్నెలు తోమి బోర్లించాక, వరసలోంచి నన్ను తీసింది. ఒక కంచాన్ని కూడా తీసింది. ఇద్దర్నీ వెనక పంచలో కిటికీ గట్టు మీద పెట్టింది. కోటేశ్వరి చాపా దుప్పటీ కూడా అక్కడికే వచ్చాయి.

"ఇది నీది," అంది నన్ను చూపించి. "పిల్ల చేతికి ఇయ్యబాక. పిల్ల నా దగ్గర పడుకుంటది. నీకు తగ్గిందాకే."

"అత్తా, పరీక్షలో లేదన్నారు గదా."

"లేకపోతే మంచిదే. ఉంటే?"

ఆ 'ఉంటే' దగ్గర కోటేశ్వరి నోరు పడిపోయింది. ఏ తల్లయినా అక్కడే పడిపోతుంది. తనకి ఏమీ లేదని గట్టిగా అరవగలదు, కాని ఉంటేనో? తన ఊపిరి తగిలి పిల్లకి ఏదైనా అయితేనో? మొగుడి మొహం వంక చూసింది. ఏడుకొండలు కాలి బొటనవేలితో నేల రాస్తూ, "కొన్నాళ్ళు చూద్దాంలేవే," అన్నాడు. టిక్కీలు మోసే ఆ భుజాలు ఆ ఒక్క మాట మోయలేకపోయాయి.

వంటగదికీ పంచకీ మధ్య దోమల జాలీ తలుపు ఉండేది. జానూ అవతల నిలబడి, జాలీకి మూతి ఆనించి, "అమ్మా" అని పిలిచేది. కోటేశ్వరి ఇవతల దూరంగా కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఒకసారి తలుపు తెరిచి ఉంటే జానూ లోపలికి పరిగెత్తుకొచ్చి, నేరుగా నన్ను పట్టుకుంది. పిల్లలకి మెరిసేవంటే ఇష్టం గదా. మస్తానమ్మ వెనకే వచ్చి నన్ను లాక్కుంది.

"ఛీ! ఛీ గ్లాసు! ముట్టుకుంటే నీకూ దగ్గొచ్చుద్ది!"

రెండుమూడుసార్లు అలా జరిగేసరికి జానూ నన్ను చూడగానే తనే "ఛీ" అనడం నేర్చుకుంది. పిల్లలు చక్కగా నేర్చుకుంటారు. మెరుగు చక్రం దగ్గర అతను నన్ను ఎంత తోమినా నా ఒంటికి అంటని నలుపు, ఆ పసిదాని నోట్లోంచి వచ్చిన ఒక్క మాటకి అంటింది.

అప్పుడొకటి జరిగింది. ఆ నెల మందులకి పెద్దాసుపత్రికి వెళితే గులాబి మాత్ర లేదన్నారు, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకోమన్నారు. బయట కొనుక్కోమని ఎవరూ చెప్పలేదు, ఇదొక్కటీ లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. కోటేశ్వరి మిగతా రెండిటితోనే సరిపెట్టుకుంది. నెమ్మదస్తురాలు లేకపోతే పెద్ద తేడా ఏముంటుందిలే అనుకుంది. తేడా నాకు తెలిసింది. నన్ను అందుకోవడం తగ్గింది. ఒక గుక్కకీ ఇంకో గుక్కకీ మధ్య ఎడం పెరిగింది. ఒకనాటికి ఆమె నడుము వాల్చి, దగ్గకుండా, అలాగే నిద్రపోయింది.

"నేను కాచిపోసిన కరక్కాయ కషాయం పనిచేసిందే," అంది మస్తానమ్మ. ఆమె మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. కొన్నాళ్ళు ఆగి, చెవులు రిక్కించి, ఆఖరికి తనే పిల్లని తెచ్చి కోటేశ్వరి చాప మీద పడుకోబెట్టింది. నన్ను మాత్రం గట్టు దించలేదు. "గ్లాసుకేం తొందర," అంది.

జానూ నిద్రలో కాలు తీసి తల్లి పొట్ట మీద వేసింది. ఆ కాలు తీయకుండా కోటేశ్వరి రాత్రల్లా ఒకే పక్కన పడుకుంది.

తర్వాతి నెల గులాబి మాత్ర వచ్చింది. ఆమె సంతోషంగానే వేసుకుంది. పాత చుట్టం తిరిగొచ్చినట్టు, కొద్దిరోజుల్లోనే గొంతులో ఆ ఈక కూడా తిరిగొచ్చింది.

అప్పుడు చూడాలి మీరు. దగ్గు వస్తోందని తెలియగానే కోటేశ్వరి నన్ను నోటికి గట్టిగా ఆనించుకునేది. ముక్కు దగ్గర్నుంచి గడ్డం దాకా మూసుకునేలా ఆనించి, ఆ దగ్గంతా నాలోకి దగ్గేది. బయటికి ఎవరో దూరంగా తలుపు కొట్టినట్టు వినబడేదంతే. లోపల నాకు మాత్రం ఊరంతా కూలుతున్నట్టు ఉండేది. నేను నీళ్ళ కోసం పుట్టాను. దగ్గులు దాచుకోవడానికి పనికొస్తానని నన్ను చేసినవాళ్ళకి తెలియదు.

అలా నన్ను నోటికి పెట్టుకుని కూర్చున్నప్పుడే ఆమెకి విషయం తోచింది. మందు లేనప్పుడు దగ్గు లేదు. మందొచ్చింది, దగ్గొచ్చింది. గులాబి మాత్రని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది, నమ్మిన మనిషి మోసం చేస్తే చూసినట్టు. చూసి, పంచ అవతల కాలవలో వేసింది. మర్నాడూ వేసింది. ఆ తర్వాత మాత్ర వేళకి నన్ను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మస్తానమ్మ అటు తిరిగేదాకా ఆగి వేసేది.

దగ్గు పోయింది. పిల్ల దక్కింది. పోయిందేమిటో నాకొక్కదానికే కనబడుతూ ఉండేది. తల బరువంటూ నా చల్లటి ఒంటిని నుదుటికి ఆనించుకునేది. వంటగదిలోంచి పంచలోకి నాలుగడుగులు వేసి ఆయాసపడేది. తలకింద ఒక దిండు రెండయింది. చెప్పులు బిగుసుకున్నాయి. నేను చెప్పలేను. గ్లాసులు చెప్పవు.

ఒక సాయంత్రం ఏడుకొండలు అన్నానికి కూర్చున్నాడు. కోటేశ్వరి వడ్డిస్తోంది. కంచంలోంచి తలెత్తకుండా తినే మనిషి, అప్పుడే కింద పడిన మెతుకు తీస్తూ ఆమె పాదాలు చూశాడు.

"మెట్టెలేయే?"

"బిగుసుకున్నయ్యి. సబ్బు రాసి తీశా."

అతను ఎడంచేతి వేలితో ఆమె పాదం మీద నొక్కాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. జానూ పుట్టిన కొత్తలో చూసిన గుంట అది. అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మాత్రలేసుకుంటన్నావా?"

"రెండేసుకుంటన్నా."

"మూడోది?"

కోటేశ్వరి గరిటె కింద పెట్టింది. ముందుగదిలో జానూ, మస్తానమ్మ ఏదో ఆడుకుంటున్న మాటలు వినబడుతున్నాయి. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ మాత్రేసుకుంటే నాకు దగ్గొచ్చుద్ది మావా. దగ్గొస్తే మీరు పిల్లని తీసుకుపోతారు. ఏసుకుంటే పిల్ల పోద్ది, మానేస్తే నేను పోతా. ఏది పోవాలో నువ్వే చెప్పు."

"మాత్రకి దగ్గెట్టా వచ్చుద్దే?"

"ఎట్టా వచ్చుద్దో నన్నడిగితే? ఆపితే పోయింది, ఏస్తే వచ్చింది. మళ్ళీ ఆపా, మళ్ళీ పోయింది. నా ఒంట్లో జరిగేది నాకు తెలియదా!"

"మరి డాక్టరుకి చెప్పలేదేందే?"

"మానేశానంటే తిడతారు. అందరిముందూ తిడతారు."

ఏడుకొండలు చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. కాసేపు పంచలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, నన్ను తీసి సంచిలో వేశాడు.

"పద. తిడితే నన్ను తిట్టమంటా," అన్నాడు.

పెద్దాసుపత్రిలో కోటేశ్వరికి బీపీ చూసిన డాక్టరమ్మ మొహం మారిపోయింది. పక్కనే మంచం మీద పడుకోబెట్టమంది. సూది మందులిచ్చారు. ఆయాసం తగ్గాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, తిట్టడం మొదలుపెట్టబోయింది. కోటేశ్వరి అంతకుముందే గబగబా చెప్పేసింది, ఎక్కడ ఆగితే మళ్ళీ నోరు రాదోనన్నట్టు. గులాబి మాత్ర, దగ్గు, మాత్ర దొరకని నెల, కాలవ, అన్నీ. వేరు పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. అది ఇంటి మాట అనుకుంది.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది.

"ఇన్నాళ్ళుగా వస్తున్నావు గదమ్మా. ఒక్కసారన్నా దగ్గు ఉందని చెప్పలేదేం?"

"మీరు గుండెకి గదండీ చూసేది. దగ్గు వేరే డాక్టరుగారికి చెప్పాలనుకున్నా."

ఆ మాటకి కోప్పడాలో వద్దో డాక్టరమ్మకి తెలియనట్టుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆ మాత్ర మంచిదే, కాని కొంతమందికి ఇలా పొడి దగ్గు తెస్తుంది. అది జబ్బు కాదు, ఎవరికీ అంటుకోదు. దానికి బదులు వేరే మాత్ర ఉంది, అది రాస్తాను. కాని ఇంకెప్పుడూ నీ అంతట నువ్వు మానెయ్యకు, ముందు వచ్చి చెప్పు. ఇంత పెద్ద ఆసుపత్రిలో, మంచాల మధ్య ఇరుక్కున్న చిన్న బల్ల మీద కూర్చుని నేనా మాటలు విన్నాను. ఇంత చిన్న సంగతికి ఎన్ని రోజులు జాలీ తలుపు వెనక గడిచాయా అనిపించింది.

"మరి పరుగు మాత్ర, బరువు మాత్ర కూడా మారుస్తారాండీ?" అని ఆశగా అడిగింది కోటేశ్వరి.

అవేవో ఆమె విడమరిచి చెప్పాక డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మోతాదు చూసి సర్దుతాను. కాని అవి ఉండాల్సిందేనమ్మా. చాలా కాలం."

కొత్త మాత్రకి రంగు లేదు, పేరు పెట్టలేదు. పేరు పెట్టి ఒకసారి మోసపోయింది గదా. ఇంటికొచ్చాక దగ్గు మళ్ళీ రాలేదు. మిగతావేవీ పోలేదు. పరుగూ ఉంది, బరువూ ఉంది, గోడ పట్టుకుని లేవడం ఉంది, సగం గ్లాసు నీళ్ళూ ఉన్నాయి. బస్సెక్కాలంటే ఇప్పటికీ ముందురోజునుంచే గుబులు. పొద్దున్నే నేనూ ఆమే ఎదురెదురుగా కూర్చుంటాం. ఆమె నన్ను వదిలి పోలేదు, నేను ఆమెని వదిలి పోలేను. ఇద్దర్నీ ఒకే గట్టుకి కట్టేశారు, తాడు మాత్రం ఎవరికీ కనబడదు.

ఏడుకొండలు తల్లికి అంతా చెప్పాడు. మస్తానమ్మ విన్నది.

"మాత్రకి దగ్గొస్తదంట," అని తనలో తను అనుకుంది. నమ్మిందో లేదో తెలియలేదు. చాలాకాలం కనిపెట్టి చూసింది. కోటేశ్వరి చాప లోపలికి తెచ్చింది. నన్ను కూడా ఒకపూట ఏమీ అనకుండా తీసి, తోమి, గ్లాసుల వరసలో బోర్లించింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఒకరోజు పొద్దున పూట మస్తానమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కనే కోటేశ్వరి కాళ్ళు చాపుకుని, అప్పుడే మాత్రలు మింగి, నన్ను చేత్తో పట్టుకుని ఉంది. వీధిలో ఆడుకుంటున్న జానూ రొప్పుతూ వచ్చి, "నీలు" అంది. కోటేశ్వరి నాలో మిగిలిన నీళ్ళు చేయి చాపి ఇచ్చింది.

జానూ రెండడుగులు వెనక్కి వేసింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"ఛీ గ్లాసు."

కోటేశ్వరి చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. చేటలో బియ్యం ఏరడం ఆగిపోయింది.

"ఛీ కాదు, తాగవే," అంది మస్తానమ్మ. "మీ అమ్మదే. ఏం కాదు."

జానూ తల అడ్డంగా తిప్పింది. "దగ్గొచ్చుద్ది," అంది, చాలా తెలిసినదానిలా.

మస్తానమ్మ కోడలి వంక చూసింది. కోటేశ్వరి ఆమె వంక చూడలేదు, నా లోపలికి చూస్తోంది. మస్తానమ్మ చేట పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళకి చేతులు తుడుచుకుని, కోటేశ్వరి చేతిలోంచి నన్ను తీసుకుంది. "ఇదిగో చూడు, నానమ్మ తాగుతంది," అంది. ఎత్తి పోసుకోలేదు. ఏ గ్లాసుకీ మూతి తగలనివ్వని మనిషి, నా అంచుని తిన్నగా పెదాల దగ్గరికి తెచ్చుకుంది.

జానూ ఒక్క ఉరుకున వచ్చి ఆమె మీద పడింది. బుల్లి అరచెయ్యి తీసి నానమ్మ నోటికి అడ్డం పెట్టింది.

"వద్దు నానమ్మా! నువ్వు తాగొద్దు! నువ్వు తాగొద్దు!"

ఏడుపు అందుకుంది. నానమ్మని కాపాడుతోంది ఆ పిల్ల. ఎవరినుంచి కాపాడుతోందో అక్కడున్న పెద్దవాళ్ళిద్దరికీ తెలుసు.

మస్తానమ్మ కళ్ళు మూసుకుంది. ఆ అరచేతిని మెల్లగా తప్పించి, నన్ను ఎత్తి, చివరి చుక్క దాకా తాగింది. నోరు తుడుచుకోలేదు. "చూశావా, ఏం కాలా," అంది.

జానూ ఏడుపు ఆపి, నానమ్మ మొహంలోకి మొహం పెట్టి చూస్తూ నిలబడింది, దగ్గొస్తుందేమోనని.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద టిక్కీల లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది. ఘాటు గుమ్మంలోకి కొట్టింది. మస్తానమ్మ పెదాలు బిగించింది. గొంతు నరాలు లేచాయి, మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు నిండాయి. ఊపిరి బిగబట్టి మనవరాలి వంక చూసి నవ్వాలని చూసింది.

ఆ బిగపట్టడం ఏమిటో కోటేశ్వరికి చెప్పక్కర్లేదు. కూర్చున్నచోటినుంచే చేతులు చాపి, పిల్లని దగ్గరికి లాక్కుని, దాని మొహాన్ని తన భుజంలో దాచుకుంది. చెవిని అరచేత్తో మూసింది.

"దగ్గెయ్ అత్తా," అంది. "పిల్ల చూట్టంలేదు."